పాటలకు సాఫ్ట్‌వేర్ కావాలా, ఫోల్డర్లు చాలవా?

బుగ్గవంక, కడప:
నాకు చూపు లేదు. కంప్యూటర్లో తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడతాను. అన్నమయ్య కీర్తనలే రెండు వేల ఫైళ్లు దాటాయి. అన్నీ ఫోల్డర్లలోనే ఉన్నాయి. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్లో లైబ్రరీ చేసుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. మారాలా?

పెన్న ఒడ్డు, అనంతపురం:
ఏం అవసరం లేదన్నా. ఫోల్డర్ తెరిచి పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టు, పాట మీదికి పోతుంది. ఎంటర్ కొడితే మోగుతుంది. నేనూ ఒక ప్లేయర్ నేర్చుకున్నా. ఒకరోజు అప్‌డేట్ వచ్చింది, ఆ తర్వాత ట్యాబ్ కొట్టిన చోటల్లా "బటన్, బటన్, బటన్". ఏది ప్లేనో ఏది డిలీటో తెలియదు. ఆ రోజే మానేశా.

తుంగభద్ర, కర్నూలు:
ఒకే కీర్తనను నలుగురు నాలుగు రాగాల్లో పాడతారు. రాగిరేకుల మీద రాగం పేరుందే గాని స్వరాలు లేవు, తర్వాతివాళ్లు బాణీలు కట్టారు. ఇప్పుడా పాటను గాయకుడి ఫోల్డర్లో పెడతారా, రాగం ఫోల్డర్లోనా? ట్యాగుల్లో, అంటే పాట ఫైల్ లోపలే రాసుకునే వివరాల్లో, రెండూ రాసుకుంటే ఎటునుంచి వెతికినా దొరుకుతుంది.

ఎర్రమల:
వీఎల్‌సీ ప్లేయర్ చాలు.

పెన్న ఒడ్డు:
ట్యాగులు ఏ లిపిలో రాయాలి? తెలుగులో రాస్తే ఇంగ్లీష్ గొంతు చదవదు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రేకుడబ్బా కొట్టినట్టుంటుంది.

తుంగభద్ర:
గొంతు సంగతి కాదు నేను చెప్పేది. ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకే పేరును మూడు రకాలుగా రాస్తాం, వెతికితే ఒకటే వస్తుంది.

పెన్న ఒడ్డు:
తెలుగులో వెతకాలంటే ప్రతిసారీ విండోస్ కీ, స్పేస్ కొట్టి కీబోర్డు మార్చాలి.

గండికోట:
పాట మోగుతుంటే ఎన్‌వీడీఏ మాట వినపడకపోతే ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, డీ నొక్కి చూడండి. మాట్లాడేటప్పుడు పాట శబ్దం తగ్గుతుంది.

తుంగభద్ర:
పెన్న ఒడ్డు గారూ, మీ ఫోల్డర్లు సర్దింది ఎవరు?

పెన్న ఒడ్డు:
మా తమ్ముడు. అయితే ఏంది?

తుంగభద్ర:
అదే నా బాధ. నావి మా బావమరిది సర్దాడు. కంప్యూటర్ మొరాయిస్తే ఒక షాపులో ఇచ్చాను, అడగకుండా ఫార్మాట్ కొట్టేశారు. రికవరీ చేయిస్తే పాటలొచ్చాయి గాని ఫోల్డర్లు లేవు. పేర్లన్నీ వరుస నంబర్లు. ఒక్కొక్కటి తెరిచి పది సెకన్లు వినడం, పేరు కొట్టడం. మూడు నెలలు పట్టింది. ట్యాగులున్న పాటలకు ఆ బాధ లేదు, అవి ఫైల్ లోపలే ఉంటాయి. ట్యాగులు దిద్దే ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్లో అన్నీ ఎంచుకుని ఆల్ట్, 1 కొట్టి ట్యాగు నుంచే పేర్లు తెచ్చుకున్నా. ఇంకొకరు సర్దిపెట్టినదాని మీద మళ్లీ ఆధారపడను.

పెన్న ఒడ్డు:
నేను ఆధారపడి బతుకుతున్నానని అంటున్నారా? రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కూర్చునేవాళ్లం. నేను విని రాగం చెప్పేవాణ్ణి, వాడు ఫోల్డర్లో వేసేవాడు. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉన్నాడు. ఆ వరుస నేను మార్చను.

తుంగభద్ర:
నాకు తెలియదు. మాట జారాను, మన్నించండి. అట్లయితే ఆ ఫోల్డర్లు ఇంకో డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోండి. ఈరోజే చేయండి.

పెన్న ఒడ్డు:
చేస్తా.

బుగ్గవంక:
నేను యాభై పాటలు వేరుగా కాపీ చేసి వాటికి ట్యాగులు రాసి చూస్తాను. రాగం తెలియనివి చాలా ఉన్నాయి, వాటికేం రాయాలి?

పెన్న ఒడ్డు:
అవి నాకు పంపన్నా. విని చెప్తా.