సిమ్యులింక్‌లో గేజ్ ముల్లు కదలడం లేదు, నాబ్ తిప్పే వ్యవధే దొరకడం లేదు

ప్రశ్న (ఇంజినీరింగ్ మూడో ఏడు విద్యార్థి):

అందరికీ నమస్కారం. ల్యాబ్ ప్రాజెక్టు కోసం ఓవర్‌హెడ్ ట్యాంకు మోడల్ ఒకటి సిమ్యులింక్‌లో (బ్లాకులు కలిపి వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్) తయారు చేశాను. ట్యాంకు అడుగు వైశాల్యం 1 చదరపు మీటరు, ఎత్తు 2 మీటర్లు. మోటారు సెకనుకు 10 లీటర్లు, అంటే 0.01 ఘనపు మీటరు నీరు తోడుతుంది. బయటికి పోయే వాల్వును ప్రస్తుతానికి మూసే ఉంచాను. వచ్చే నీటికి కాన్‌స్టంట్ బ్లాకును (స్థిర విలువ ఇచ్చేది), మట్టానికి ఇంటిగ్రేటర్‌ను (వచ్చేదాన్ని కాలంతో పాటు కూడుతూ పోయేది) వాడి, డ్యాష్‌బోర్డ్ లైబ్రరీలోని నాబ్‌ను (తిప్పి విలువ మార్చేది) కాన్‌స్టంట్ విలువకు, గేజ్‌ను (ముల్లుతో విలువ చూపేది) మట్టం సిగ్నల్‌కు కలిపాను. మట్టం 1.8 మీటర్లు దాటితే ఎర్రగా వెలగాలని ఒక ల్యాంప్ కూడా పెట్టి, 1.8 దగ్గర ఎరుపు రంగు ఇచ్చాను.

రన్ నొక్కిన మరుక్షణమే సిమ్యులేషన్ ముగిసిపోతోంది. గేజ్ ముల్లు సున్నా దగ్గరే ఉంటోంది, ల్యాంప్ ఒక్కసారీ వెలగలేదు. ఈ బ్లాకులకు గ్రాఫ్ చూపే స్కోప్‌కు ఉన్నట్టు గీత కలిపే పోర్టులు లేవు కనుక, అసలు అవి సిగ్నల్‌కు కలిశాయో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పగలరు.

సమాధానం 1:

కలిసిందో లేదో చూడాలంటే గేజ్ మీద డబుల్ క్లిక్ చేయండి. తెరుచుకునే పట్టికలో ఏ సిగ్నల్‌కు ఎదురుగా గుర్తు ఉందో దానికే అది కలిసినట్టు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే కనెక్షన్ బాగానే ఉంది. చిక్కంతా కొలతల్లో ఉంది. స్టాప్ టైమ్ (సిమ్యులేషన్ ఆగే సమయం) మార్చకపోతే సిమ్యులేషన్ 10 సెకన్లే నడుస్తుంది, ఆ లోపు మీ ట్యాంకులో మట్టం 0.1 మీటరు మాత్రమే పెరుగుతుంది. గేజ్ స్కేలు మొదట 0 నుంచి 100 వరకు ఉంటుంది. కాబట్టి ముల్లు కదిలింది కానీ కంటికి ఆనేంత కదలలేదు. ట్యాంకు నిండినా అది 2 దగ్గరే ఆగుతుంది. గేజ్ గరిష్ఠ విలువను 2 చేయండి. నాబ్‌కూ 0 నుంచి 100 స్కేలే ఉంటుంది కనుక దాని గరిష్ఠాన్ని 0.01 చేయండి, లేకపోతే కాస్త తిప్పి 20 దగ్గర పెట్టినా సెకనుకు 20,000 లీటర్లు, అంటే ట్యాంకులోకి కాలువే వచ్చి పడుతుంది.

ఇక వేగం సంగతి. సిమ్యులేషన్ గడియారంతో పాటు నడవదు, కంప్యూటర్‌కు చేతనైనంత వేగంగా నడుస్తుంది. స్టాప్ టైమ్ 300 పెట్టి, రన్ మీట కింది జాబితాలో ఉన్న సిమ్యులేషన్ పేసింగ్‌ను ఎంచుకుని, గడియారపు ఒక్క సెకనుకు 10 సిమ్యులేషన్ సెకన్లు నడిచేలా పెడితే ట్యాంకు 20 సెకన్లలో నిండుతుంది. ఆ తర్వాత కూడా ముల్లు గెంతుతూ కదిలితే కంగారు పడకండి. వేరియబుల్ స్టెప్ సాల్వర్‌లో (లెక్కను చిన్నా పెద్దా కాలపు అంగలుగా, అంటే స్టెప్‌లుగా చేసే భాగం) గరిష్ఠ స్టెప్‌ను ఆటోకు వదిలేస్తే అది మొత్తం వ్యవధిలో 50వ వంతు, మీకైతే 6 సెకన్లు, అవుతుంది. నాబ్ మార్పు తర్వాతి స్టెప్‌లోనే అమలవుతుంది కాబట్టి దాన్ని 0.5కు తగ్గించండి. ఇంటిగ్రేటర్ అవుట్‌పుట్‌కు 0, 2 హద్దులు పెట్టడం కూడా మరవకండి.

సమాధానం 2:

ల్యాంప్ గురించి చెబుతాను. మీరు పెట్టిన పద్ధతిలో ల్యాంప్ “దాటిందా” అని చూడదు, విలువ “సరిగ్గా అంతే ఉందా” అని చూస్తుంది. నిరంతరం పెరిగే మట్టం ఏ స్టెప్‌లోనూ ఖచ్చితంగా 1.8 కాకపోవచ్చు, ఒకవేళ అయితే ఆ వెలుగు ఆ ఒక్క స్టెప్‌తోనే పోతుంది. మట్టం సిగ్నల్‌ను కంపేర్ టు కాన్‌స్టంట్ బ్లాకుకు (విలువను మనమిచ్చిన సంఖ్యతో పోల్చేది) ఇచ్చి, దాని నుంచి వచ్చే 0 లేదా 1కి ల్యాంప్‌ను కలిపి, 1కి ఎరుపు ఇవ్వండి. తర్వాత వాల్వు తెరిచి మట్టం 1.8 దగ్గర ఊగిసలాడితే ల్యాంప్ మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు కంపేర్ బ్లాకు స్థానంలో రిలే బ్లాకు పెట్టి, 1.8 దగ్గర ఆన్, 1.6 దగ్గర ఆఫ్ అయ్యేలా చేస్తే సరిపోతుంది. మరో మాట: డ్యాష్‌బోర్డ్‌కు కలిపిన సిగ్నల్ మీద లాగింగ్ (విలువలను నమోదు చేయడం) గుర్తు వస్తుంది. అనవసరమని దాన్ని తీసేస్తే ఆ బ్లాకుకు డేటా ఆగిపోతుంది, మళ్లీ కలుపుకోవాల్సి వస్తుంది.

సమాధానం 3:

పై రెండు సమాధానాలూ సరైనవే, అయితే రిపోర్టు రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నాబ్ తిప్పితే కాన్‌స్టంట్ బ్లాకులోని విలువే మారుతుంది, సిమ్యులేషన్ ఆగాక కూడా మారిన విలువే ఉండిపోతుంది. నేను ఒకసారి రాత్రి తీసిన గ్రాఫ్ పొద్దున మళ్లీ రాక, సాల్వర్‌ను అనుమానించి సగం రోజు పోగొట్టుకున్నాను. కాన్‌స్టంట్ నుంచి వచ్చే సిగ్నల్‌ను కూడా లాగ్ చేస్తే ఎప్పుడు ఎంత తిప్పారో గ్రాఫ్‌లో మిగులుతుంది. నా మటుకు నేను రిపోర్టులోకి వెళ్లే గ్రాఫ్‌లకు నాబ్‌ను వాడను, దాని చోట స్టెప్ బ్లాకు (ముందే చెప్పిన సమయానికి విలువ మార్చేది) పెడతాను.

ప్రశ్న అడిగిన విద్యార్థి:

ధన్యవాదాలండి. అన్నీ మార్చి నడిపాను. గడియారం ప్రకారం 18 సెకన్లకు ల్యాంప్ వెలిగింది, 20 సెకన్లకు ముల్లు 2 దగ్గర ఆగింది. మూడో సమాధానం చదివి కాన్‌స్టంట్ బ్లాకు తెరిచి చూస్తే, ఆడుతూ వదిలేసిన 0.0037 అందులో అలాగే ఉంది. రిపోర్టుకు స్టెప్ బ్లాకే పెడుతున్నాను.