బటన్‌కి టేప్ వేసింది అతనే. మరి పరిహారం పూర్తిగా ఇవ్వాలా?

నట్టుబోల్టు:
మా బంధువుల అబ్బాయి పవర్ ప్రెస్ మీద పని చేస్తాడు. దానికి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ర్యామ్, అంటే రేకుని నొక్కే బరువైన భాగం, దిగుతుంది. చేతులు బటన్ల మీదే ఉంటాయి కాబట్టి డై (అచ్చు) కిందికి పోవన్నమాట. ఇతను ఒక బటన్‌ని టేప్‌తో నొక్కి ఉంచేసి, ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో నడిపించాడు. రెండు వేళ్లు పోయాయి. ‘చేతులారా చేసుకున్నావు, ఆసుపత్రి బిల్లు కడతాం, అంతే’ అంటోంది యాజమాన్యం. ఇది న్యాయమేనా?

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
నా మాట చేదుగానే ఉంటుంది. హెల్మెట్లు ఇస్తాం, గ్లవ్స్ ఇస్తాం, గోడల నిండా బోర్డులు పెడతాం. మనం అటు తిరగ్గానే అన్నీ తీసి పక్కన పడేస్తారు. వైద్యం చేయించాల్సిందే, కాదనను. కానీ రూల్ పాటించినవాడికీ, పాటించనివాడికీ ఒకే పరిహారం అంటే ఇక రూల్ ఎందుకు?

పాతఫిట్టర్:
ఇన్‌చార్జ్ గారూ, అసలు టేప్ వేస్తే ఆ మెషీన్ ఎలా నడిచింది? సరైన రెండు చేతుల కంట్రోల్ అయితే బటన్లు రెండూ దాదాపు ఒకేసారి, అర సెకను తేడాలోపు నొక్కాలి. స్ట్రోక్ అయ్యాక, అంటే ర్యామ్ ఒకసారి దిగి లేచాక, రెండూ వదిలితేనే మళ్లీ కదులుతుంది. ఒకటి నొక్కే ఉంచితే మెషీన్ మొండికేస్తుంది. టేప్ పనిచేసిందంటే ఆ సర్క్యూట్ లేదు, లేదా ఎవరో తీసేశారు. ఆ పని ఆపరేటర్‌ది కాదు, మెషీన్ కొని నడిపిస్తున్నవాళ్లది.

ఇంకోటి. టేప్ ఆ రోజే వేశాడా? నేను చూసిన చోట్ల జిగురు నల్లబడి, అంచులు లేచి ఉంటుంది. సూపర్‌వైజర్ రోజూ పక్కనుంచే పోతాడు. టార్గెట్ అందుతున్నంత కాలం నోరు మెదపడు, వేళ్లు పోయాక రూల్ బుక్ బయటికి తీస్తాడు.

ఎత్తుపని:
మా దగ్గరా ఇదే తంతు. ఒంటి మీద బెల్టు ఉంటుంది, కొక్కెం తగిలించడానికి చోటు ఉండదు. పడితే మాత్రం ‘కొక్కెం పెట్టుకోలేదు’ అని రాస్తారు. అమెరికాలో తనిఖీ అధికారులు రాసే ఉల్లంఘనల్లో పదేళ్లకు పైగా మొదటి స్థానం నిర్మాణ పనుల్లో పడిపోకుండా ఏర్పాట్లు లేకపోవడానిదే. అందరూ బద్ధకస్తులేనంటారా?

నల్లకోటు:
తప్పు ఎవరిది అన్న ప్రశ్న పాతదే. 1837లో ఇంగ్లండ్‌లో, మోయలేనంత సరుకు వేసిన బండి విరిగి ఒక పనివాడి తొడ ఎముక విరిగితే, యజమానికి బాధ్యత లేదని తేల్చారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ‘ప్రమాదం ఉందని తెలిసే చేరావు’, ‘తోటివాడి తప్పు’, ‘నీ అజాగ్రత్త’ అన్న మూడు వాదనలతోనే కేసులు కొట్టేసేవారు. 1884లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం ప్రమాద బీమా తెచ్చింది. ప్రీమియం మొత్తం యజమానులే కట్టాలి, కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నా డబ్బు అందుతుంది. బదులుగా యజమాని మీద దావాలు చాలావరకు ఆగిపోయాయి. ఇది దానం కాదు, బేరం. అజాగ్రత్త పేరుతో కోత పెడితే బేరంలో ఒక పక్కే మిగులుతుంది.

అయితే అన్ని చట్టాలూ ఒకేలా లేవు. భారతదేశంలో 1923 నాటి చట్టం, భద్రతా పరికరాన్ని కావాలని తీసేసినా, లెక్కచేయకపోయినా యజమాని తప్పించుకునే వీలు ఇచ్చింది. మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం అయితే మాత్రం ఆ వాదన చెల్లదు. రెండు వేళ్లు పాక్షిక వైకల్యమే కాబట్టి అలాంటి చట్టం కింద ఇక్కడ పేచీ పెట్టొచ్చు. ‘కావాలని’ అన్నది నిరూపించాల్సింది యజమానే. పైవాళ్లు చూసీ ఊరుకున్నారని తేలితే అది కష్టం.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
మరి తాగి వచ్చినవాడి సంగతేంటి?

నల్లకోటు:
అది వేరే. ఆ మినహాయింపు చాలా చట్టాల్లో ఉంది, నాకూ అభ్యంతరం లేదు. తొందరలో చేసిన పనిని దానితో కలిపేయకండి.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
సర్లెండి, ఆ సర్క్యూట్ విషయం నిజమైతే ఈ కేసులో పూర్తిగా ఇవ్వాల్సిందే. కానీ టేప్ వేసినందుకు క్రమశిక్షణ చర్య ఉండాలంటాను.

పాతఫిట్టర్:
ఉండనివ్వండి. సూపర్‌వైజర్‌తో మొదలుపెట్టండి.

నట్టుబోల్టు:
ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ‘తప్పు నాదే, ఇక ఏమీ అడగను’ అని ఉంది. ఏం చేయమంటారు?

నల్లకోటు:
పెట్టొద్దు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చాలా చట్టాల ప్రకారం చెల్లదు, కానీ పెట్టాక తిప్పలు తప్పవు. ప్రమాదం జరిగిందని రాతపూర్వకంగా తెలియజేసి నకలు దగ్గర పెట్టుకోండి. గడువు ఉంటుంది, నాన్చకండి. వైద్యం ఒక్కటే కాదు, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో భాగం, శాశ్వత నష్టానికి విడిగా డబ్బు కూడా అడగండి. డాక్టర్ వైకల్యం శాతం రాసి ఇచ్చాకే లెక్క తేల్చుకోండి.

పాతఫిట్టర్:
ఆ మెషీన్ ఫొటోలు ఇవాళే తీయించు బాబూ. రేపటికి టేపూ ఉండదు, కొత్త బటన్లు కూడా వచ్చేస్తాయి. మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో ఆ కంట్రోల్ గురించి ఎప్పుడైనా కంప్లైంట్ రాశారేమో అడగండి. మా చోట అయితే అందులోనే దొరికేది.