పెద్ద ఎయిర్‌పోర్టుల్లో స్లాట్లు పాత ఎయిర్‌లైన్స్‌కే ఎందుకు?

కిటికీసీటు:
రద్దీ ఎయిర్‌పోర్టులో విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించే టైమే స్లాట్. సీజన్‌లో 80 శాతం వాడుకుంటే, వచ్చే ఏడాదీ అది ఆ సంస్థదే. లండన్ హీత్రోనే చూడండి. రెండే రన్‌వేలు, ఏడాదికి 4,80,000 విమానాలకు మించకూడదు. దాదాపు సగం స్లాట్లు ఒక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ చేతిలోనే ఉన్నాయి. కొత్తవాళ్లు మంచి టైమ్ కావాలంటే ఉన్నవాళ్ల దగ్గర కోట్లు పోసి కొనుక్కోవాలి. 2020 మొదట్లో కరోనా వల్ల ప్రయాణికులు లేకపోయినా, స్లాట్ పోతుందేమోనని యూరప్‌లో దాదాపు ఖాళీ విమానాలు తిప్పారు. చివరికి మార్చిలో యూరోపియన్ యూనియన్ ఆ నిబంధనను తాత్కాలికంగా పక్కన పెట్టింది. అంత ఇంధనం తగలేసి కాపాడుకోవాల్సిన హక్కా ఇది? వేలం వేయాలి.

ట్రాన్సిట్‌లో:
వేలం పెడితే డబ్బున్నవాళ్లే పాడుకుంటారండీ. దుబాయ్, దోహా, అట్లాంటా లాంటి హబ్‌లలో, అంటే ప్రయాణికులు ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కే పెద్ద ఎయిర్‌పోర్టుల్లో, విమానాలు గుంపుగా దిగుతాయి, కాసేపటికి గుంపుగా ఎగురుతాయి. చిన్న నగరానికి వెళ్లే ఫ్లైట్‌లో నేరుగా ఎక్కేవాళ్లు కొద్దిమందే. మిగతా సీట్లు నింపేది అలా విమానం మారే ట్రాన్సిట్ వాళ్లు. స్లాట్లు తలా ఒకటి పంచేస్తే ఆ టైమింగ్ చెదురుతుంది, ముందు ఆగిపోయేవి ఆ రూట్లే.

ఒకసారి నేను రెండు ఎయిర్‌లైన్స్‌లో విడివిడిగా టికెట్లు కొన్నాను. మొదటి ఫ్లైట్ 40 నిమిషాలు లేటు. బెల్ట్ మీద నా సూట్‌కేసు కనపడేసరికి రెండోదాని చెక్ఇన్ కౌంటర్ మూసేశారు. ఇంకో టికెట్ డబ్బులు నా జేబులోంచే పోయాయి. హబ్‌లో మారేవాళ్లలా రెండు ఫ్లైట్లకూ కలిపి ఒకే టికెట్ మీద వెళ్లి ఉంటే తర్వాతి ఫ్లైట్ ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్‌దే.

కిటికీసీటు:
మీరు పడ్డ టెన్షన్ అర్థమైంది. కానీ అట్లాంటాలో ఐదు రన్‌వేలున్నాయి, అక్కడ స్లాట్ల గొడవే లేదు. నేను అడిగేది హీత్రో లాంటి ఇరుకు చోట్ల గురించి. అక్కడ ఎయిర్‌లైన్స్ వాడక తిరిగొచ్చిన స్లాట్లలో సగం కొత్తవాళ్లకివ్వాలని నియమం ఉంది. అసలు తిరిగొస్తే కదా ఇచ్చేది!

రన్‌వే09:
వేలం వద్దు, ఆ 80ని 90 చేయండి. నడపలేనివాళ్లు వాళ్లంతట వాళ్లే వదులుకుంటారు. హబ్ టైమింగూ చెడదు.

ట్రాన్సిట్‌లో:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. వాతావరణం బాగాలేక ఎయిర్‌పోర్ట్ మూసేసిన రోజుల రద్దులకు ఎలాగూ మినహాయింపు ఉంది కాబట్టి, సరిగ్గా నడిపే ఎయిర్‌లైన్‌కు 90 పెద్ద కష్టం కాదు.