విశాఖ తేమలో దాచిన స్కీ బూట్లను ఇంకా వాడవచ్చా?

2014లో ఔలీలో స్కీయింగ్ నేర్చుకునేటప్పుడు కొన్న బూట్లనే ఇప్పటికీ వాడుతున్నాను. ఏటా గుల్మార్గ్‌లో గడిపే వారం రోజులు తప్ప, మిగతా కాలమంతా అవి విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరలోని మా ఇంటి అటకమీదే ఉంటాయి. ఈ బూట్ల పైపెంకుకు వాడే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ తేమకు క్రమంగా పెళుసుబారుతుందని, వాడకుండా దాచినా ఆ మార్పు ఆగదని తెలిసినప్పటి నుంచి దిగులుగా ఉంది. పైకి పగుళ్లేమీ లేవు. అయితే లోపలి మెత్త అణగిపోయి, బకిల్స్‌ను చివరి పన్ను దాకా బిగించినా మడమ పైకి లేస్తోంది. బూటును స్కీకి బిగించి ఉంచే బైండింగ్ అనే పరికరం పట్టుకునే, బూటు ముందు అంచు కూడా గోటితో తడిమితే తెలిసేంతగా అరిగింది. పడినప్పుడు బైండింగ్ సరిగ్గా విడిపోకపోతే కాలికే ప్రమాదం కనుక, ఇందులో పొదుపు చూడదలచుకోలేదు. మెత్త ఒక్కటే మారిస్తే సరిపోతుందా, లేక బూట్లనే మార్చాలా? పైపెంకు పెళుసుబారిన సంగతిని ఇంట్లోనే గుర్తించే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.