ఎర్రర్ వచ్చినా ఫైల్ సరిగ్గా మూతపడాలంటే: విత్ చాలా, ఫైనల్లీ రాయాలా?

మూసీకోడర్:
మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు కాంటాకు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. ఇండికేటర్ నుంచి తూకం వస్తుంది. లోడు తూకంలోంచి ఖాళీ తూకం తీసేసి నికరం లెక్కగట్టి సీఎస్‌వీ ఫైల్‌లో రాస్తుంది. ప్రతి బండికీ ఆ రోజు ఫైల్‌ను 'డబ్ల్యూ' (రాసే) మోడ్‌లో తెరిచి లిస్టు మొత్తం మళ్లీ రాయిస్తున్నాను. ఓపెన్, రైట్, క్లోజ్ మూడూ ఒకే ట్రైలో ఉన్నాయి. కింద ఎర్రర్‌ను పట్టుకునే ఎక్సెప్ట్, దాంట్లో ఏమీ చేయకుండా వదిలేసే పాస్. మొన్న సాయంత్రం చూస్తే మధ్యాహ్నం దాకా వచ్చిన బండ్లే ఫైల్‌లో ఉన్నాయి. స్క్రీన్ మీద మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి. ఎర్రర్ వచ్చినప్పుడు క్లోజ్ దాకా రావట్లేదని నా అనుమానం. ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీ పెట్టి అందులో మూయాలా, తనే ఫైల్‌ను మూసే విత్ వాడాలా?

ల్యాబ్‌సార్_నల్లగొండ:
ఫైనల్లీ పెట్టు తమ్ముడూ. రైట్ అనగానే అక్షరాలు డిస్క్ మీదికి పోవు, ముందు మెమరీలో బఫర్ అనే తాత్కాలిక చోట చేరతాయి. పైథాన్ చాలా వెర్షన్లలో ఆ బఫర్ 8192 బైట్లు. ఒక బండి వరుస 60 బైట్లనుకుంటే నూట ముప్పై పైచిలుకు బండ్ల వివరాలు మెమరీలోనే ఉండిపోవచ్చు. క్లోజ్ చేస్తే అవి బయటికి పోతాయి. ఇంకో మాట. ఓపెన్‌ను ట్రై లోపల రాయకు, దానికి సరిగ్గా పైన రాయి. లోపల రాస్తే, ఫైలే తెరుచుకోనప్పుడు, తెరిచిన ఫైల్‌కు మనం పెట్టే 'ఎఫ్' అనే పేరుకు విలువే ఉండదు. ఫైనల్లీలో ఎఫ్.క్లోజ్ అనగానే ఇంకో ఎర్రర్ వస్తుంది.

జడ్చర్ల_డెవ్:
సార్, ఇదంతా రాయకుండా ఉండడానికే కదా విత్ పెట్టింది. 2006లో 2.5 వెర్షన్‌తోనే వచ్చింది. విత్ ఓపెన్ అని ఒక్క లైన్ రాస్తే లోపల ఎర్రర్ వచ్చినా, మధ్యలో రిటర్న్ అయినా ఫైల్ మూతపడుతుంది. ఓపెన్ ఎక్కడ రాయాలనే ప్రశ్నే రాదు.

పిల్లలమర్రి:
ఒక్క మాట. ఆ కోడ్ ఫంక్షన్‌లో ఉంటే, మామూలు పైథాన్‌లో ఫంక్షన్ అయిపోగానే ఫైల్ దానంతటదే మూతపడుతుంది. పైథాన్‌కే ఇంకో రూపమైన పైపై (PyPy) లాంటి వాటిలో వెంటనే మూతపడుతుందన్న హామీ లేదు. కాబట్టి వరుసలు పోవడానికి కారణం క్లోజ్ కాకపోవచ్చు. ఎక్సెప్ట్ కింద పాస్ తీసేసి ఏ ఎర్రర్ వస్తుందో ముందు చూడండి.

ల్యాబ్‌సార్_నల్లగొండ:
జడ్చర్ల తమ్ముడూ, విత్ తప్పని నేననలేదు. లోపల ఏం జరుగుతుందో తెలియకుండా వాడొద్దంటున్నాను. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఇంటర్వ్యూకు పోతే, విత్ లేకుండా ఫైల్ మూసి చూపించమన్నారు. ఓపెన్‌ను ట్రైలోనే రాసింది. ఫైల్ లేకపోతే ఏమవుతుందని అడిగితే చెప్పలేకపోయింది, ఉద్యోగం పోయింది. మన జిల్లాల పిల్లలకు వచ్చేదే ఒకటి రెండు ఛాన్సులు. ఆ పునాది లేకుండా ఒక్క లైన్ బట్టీ పట్టిస్తే నష్టపోయేది వాళ్లే.

జడ్చర్ల_డెవ్:
నష్టం సంగతి నేనూ చెప్తాను. నా పాత కంపెనీలో ఫైనల్లీతోనే రాసిన కోడ్ ఉండేది. దాంట్లో ఎవరో కొత్తగా ఒక ఇఫ్ చేర్చి, అందులో ఇంకో ఫైల్ తెరిచి మూయడం మరిచారు. లైనక్స్‌లో ఒక ప్రాసెస్‌కు మామూలుగా 1024 ఫైళ్ల వరకే పరిమితి. అర్ధరాత్రి 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అని సర్వర్ ఆగింది. ఆ ఇఫ్ రాసింది నేను కాదు, మాట పడింది మాత్రం నేనే. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని ఏదో ఒకరోజు మరిచిపోతాడు సార్. జావా వాళ్లకూ ఇది తెలిసొచ్చింది కాబట్టే 2011లో దానంతటదే మూసే ట్రై విత్ రిసోర్సెస్ తెచ్చారు. అంతకుముందు ఫైనల్లీలో క్లోజ్ కూడా విఫలమైతే అసలు ఎర్రర్ జాడ లేకుండా పోయేది.

ల్యాబ్‌సార్_నల్లగొండ:
జావా సంగతి ఇక్కడెందుకు? పైథాన్ 3లో రెండో ఎర్రర్‌కు పైన మొదటిది కూడా చూపిస్తుంది. నేనడిగింది ఒక్కటే, ఓపెన్ ట్రై బయట ఉండాలా వద్దా? దానికి మీరింకా జవాబు చెప్పలేదు.

జడ్చర్ల_డెవ్:
విత్ వాడితే ఆ ప్రశ్న రాదని మొదట్లోనే చెప్పాను.

గో_గద్వాల:
గో భాషలో, ఫంక్షన్ ముగిసేటప్పుడు ఫైల్ మూయమని, డిఫర్ ఎఫ్.క్లోజ్ అని రాస్తాం. లూప్‌లో రాస్తే ఫంక్షన్ అయిపోయేదాకా ఒక్క ఫైలూ మూతపడదు, జాగ్రత్త.

దేవరకొండ_బిడ్డ:
ఇందాకటి నుంచి చదువుతున్నా. ఫైల్ మూయడం గురించే కొట్లాడుకుంటున్నారు. ఆ మధ్యాహ్నం తర్వాత వచ్చిన బండ్ల గురించి ఒక్కరన్నా అడిగారా? అవి ఎవరి వడ్లు? పోయిన యాసంగిలో మా నాయిన వడ్లు కాంటా అయినయి. చిట్టీ చేతిలో ఉంది, పైసలు పడలేదు. పోయి అడిగితే 'సిస్టంలో ఎంట్రీ లేదు' అన్నారు. ఆ చిట్టీ పట్టుకుని ఎన్నిసార్లు తిరిగాడో మాకే తెలుసు. పైసలు పడేసరికి వానాకాలం నాట్లు కూడా అయిపోయినయి, పెట్టుబడికి వడ్డీకి తెచ్చాం. ఎర్రర్ వచ్చినప్పుడు పాస్ అని రాసినవాడికి అది ఒక లైన్. మాకు ఒక పంట పైసలు.

మిల్లు_కంప్యూటర్:
బాధ అర్థమైంది తమ్మీ, కానీ మా దిక్కు నుంచి కూడా జర చూడు. సీజన్‌లో కాంటా ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు కడతయి. ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగిపోతే డ్రైవర్లు మా మీదికి వస్తరు. కాంటా ఆగొద్దని మేమే చెప్పి రాయించుకుంటం. ఆ పాస్ ఊకెనే రాలేదు.

దేవరకొండ_బిడ్డ:
ఆగొద్దని రాయించుకున్నారు సరే, అన్నా. రాసుకోకుండా కూడా నడవమని చెప్పారా? బండి పోయింది, చిట్టీ వచ్చింది, లెక్కలో లేదు. దీనికన్నా గంట సేపు కాంటా ఆగడమే నయం.

మిల్లు_కంప్యూటర్:
ఎండలో గంట నిలబడేది కూడా రైతే కదా. ఆ గంటలో వాన పడితే తడిసేది ఎవరి వడ్లు?

జడ్చర్ల_డెవ్:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. విత్ అయినా ఫైనల్లీ అయినా ఫైల్‌ను మూస్తాయి, అంతే. ఎర్రర్ వచ్చిందని కాంటా దగ్గరున్న మనిషికి చెప్పాలా వద్దా అన్నది ప్రోగ్రాం రాసేవాడు తేల్చుకోవాలి. నేనైతే ఆపేయమనే అంటాను.

ల్యాబ్‌సార్_నల్లగొండ:
ఆపడమొక్కటే దారి కాదు. ఎర్రర్ వచ్చిన వరుసను పక్కన పెట్టి మిగతావి రాయొచ్చు. కానీ దాచిపెట్టొద్దు, ఆ మాట మీద నేనూ మీతోనే ఉన్నాను.

పిల్లలమర్రి:
మూసీకోడర్ గారూ, నా లెక్క ఇది. మీరు ప్రతిసారీ మొదటి నుంచి రాస్తున్నారు. లిస్టులో ఒక బండికి తూకం ఖాళీగా ఉంటే, దాన్ని సంఖ్యగా మార్చేటప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది. పాస్ దాన్ని మింగేస్తుంది. 'డబ్ల్యూ' మోడ్ పాత ఫైల్‌ను తెరిచిన క్షణమే ఖాళీ చేసేసింది కాబట్టి, ఆ బండికి ముందున్న వరుసలే మిగులుతాయి. తర్వాత ఎన్ని బండ్లు వచ్చినా ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. విత్ పెట్టినా ఇదే జరుగుతుంది. సగం రాసిన ఫైల్‌ను చక్కగా మూస్తుంది.

ఇలా మార్చి చూడండి. నికరం లెక్క ఫైల్ తెరవకముందే కట్టేయండి. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్‌ను విత్‌తో తెరిచి అన్నీ రాయండి. విత్ లోపలే బఫర్‌ను ఖాళీ చేసే ఫ్లష్, ఆ తర్వాత ఎఫ్‌సింక్ పిలవండి. కరెంటు పోతే విత్ గానీ ఫైనల్లీ గానీ కాపాడవు, డిస్క్ దాకా చేర్చమని అడిగేది ఎఫ్‌సింక్ ఒక్కటే. విత్ దాటాక ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరు పెట్టండి. ఎక్కడ ఎర్రర్ వచ్చినా పాత ఫైల్ చెక్కుచెదరదు. డిస్క్ నిండితే ఒక్కోసారి రైట్ దగ్గర ఏమీ తెలియదు, ఫ్లష్ దగ్గరో క్లోజ్ దగ్గరో బయటపడుతుంది. కాబట్టి మొత్తం విత్ బ్లాక్‌ను, రీప్లేస్‌ను కలిపి ట్రైలో పెట్టి, ఓఎస్ ఎర్రర్ వస్తే స్క్రీన్ మీద పెద్దగా చూపించండి. విండోస్ అయితే ఇంకొకటి. ఆఫీసులో ఎవరైనా ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి పెడితే రీప్లేస్ దగ్గర పర్మిషన్ ఎర్రర్ వస్తుంది.

మిల్లు_కంప్యూటర్:
ఎక్సెల్‌లో తెరిచే ఉంటది. ఓనర్ సార్ పొద్దంతా చూస్తనే ఉంటడు.

మూసీకోడర్:
పాస్ తీసేసి నడిపాను. పిల్లలమర్రి గారు చెప్పిందే, వాల్యూ ఎర్రర్. ఒక ట్రాక్టర్ వడ్లు దించి, ఖాళీ తూకం వేయించుకోకుండానే వెళ్లిపోయింది. ఆపరేటర్ ఆ గడి ఖాళీగా వదిలి సేవ్ నొక్కాడు. తర్వాతి బండ్లన్నీ స్క్రీన్ మీదున్న లిస్టులోంచి, చిట్టీల కాపీలు పక్కన పెట్టుకుని ఫైల్‌కు ఎక్కించాం.

ఇప్పుడు ఖాళీ తూకం లేని బండిని 'పెండింగ్' ఫైల్‌లో వేస్తున్నాను, స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది, కాంటా ఆగదు. ఎక్సెల్ కోసం వేరే కాపీ తీసి ఇస్తున్నాను. అసలు ఫైల్ రాయడమే విఫలమైతే మాత్రం తర్వాతి బండిని తీసుకోదు.

దేవరకొండ_బిడ్డ:
చిట్టీ ఎప్పుడు ప్రింట్ అవుతుంది? ఫైల్ రాయకముందా, రాసినాకనా?

మూసీకోడర్:
ఇప్పటిదాకా ముందే వచ్చేది. రీప్లేస్ అయ్యాకే ప్రింట్ అయ్యేలా మారుస్తున్నాను.

మిల్లు_కంప్యూటర్:
అట్లయితే ఫైల్ రాయలేని రోజు చిట్టీ కూడా రాదు. రైతుకు నేనేం చెప్పాలె?

దేవరకొండ_బిడ్డ:
ఇంకా ఎక్కలేదని చెప్పు అన్నా. అప్పుడు మా నాయిన అక్కడే నిలబడి అడుగుతాడు. పెండింగ్ బండికైతే చిట్టీ మీద 'ఖాళీ తూకం పెండింగ్' అని పడాలి. ఫైల్‌లో ఉన్న వరుస నంబర్ కూడా చిట్టీ మీద ఉండాలి.

మూసీకోడర్:
రెండూ చేరుస్తాను.