భువనేశ్వర్ ప్లాన్ గీసిన కోనిగ్స్‌బర్గర్‌ను తిరుపతి పక్కన పెట్టి మాట్లాడొచ్చా?

కొర్లగుంట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. విజయవాడలో ప్లానింగ్ చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. ఒక ఆర్కిటెక్ట్-ప్లానర్ జీవితం తీసుకుని, ఆయన పనిని మన సొంత ఊరి పక్కన పెట్టి సెమినార్ ఇవ్వమన్నారు. క్లాసులో సగం మంది చండీగఢ్ ప్లాన్ గీసిన కార్బూజియే పేరు రాసేశారు. నేను ఓటో కోనిగ్స్‌బర్గర్ పేరు ఇచ్చాను. బెర్లిన్‌లో పుట్టి, మైసూరు సంస్థానంలో పనిచేసి, 1948లో భువనేశ్వర్‌కు ప్లాన్ గీసిన ఆయన. అది లింగరాజు గుడి ఉన్న ఊరు, మనది గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగిన ఊరు. ఈ పోలిక ఎంతవరకు నిలబడుతుంది? ఆయన జీవితంలో ఏది ఎక్కువ చెప్పాలి, ఏది వదిలేయొచ్చు? పుస్తకాల్లో ఉన్నదే వల్లిస్తే మా మేడమ్ ఊరుకోరు. పని తెలిసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

రేణిగుంట రోడ్డు:

ప్లాన్ అంటే నాకు తెలిసింది లేఅవుట్ బ్రోచరే తల్లీ. మేం ప్లాటు కొన్నప్పుడు బొమ్మలో పార్కు ఉండింది, రోడ్డు ముప్పై అడుగులు ఉండింది. ఇప్పుడు పార్కులో రెండంతస్తుల ఇల్లుంది, రోడ్డు మీదికి మా ఎదురింటాయన మెట్లున్నాయి. జర్మనీ నుంచి ఎవరొచ్చినా ఆ మెట్లు తీయించలేరు. నీ సెమినార్‌కి ఆల్ ది బెస్ట్.

పాత ట్రేసర్:

ఆ మెట్ల దగ్గరికి వస్తాను సార్, కోనిగ్స్‌బర్గర్ చివరికి చెప్పింది వాటి గురించే అనొచ్చు.

అమ్మాయ్, నేను ప్లానర్‌ని కాను. వయసులో ఉండగా బెంగళూరులో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్ అయి, రిటైరయ్యాక బైరాగిపట్టెడలో ఉంటున్నాను. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటు గోటితో రుద్ది నునుపు చేసి మళ్లీ గీసేవాళ్లం. అమ్మోనియా ప్రింట్లు తీసే రోజు కళ్లు మండిపోయేవి. ఆ ఆఫీసులో పెద్దవాళ్లు కోనిగ్స్‌బర్గర్ పేరు బాగా ఎత్తేవారు. అక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (ఇప్పుడు ఐఐఎస్‌సీ అంటున్నాం) ఏరోనాటిక్స్, మెటలర్జీ విభాగాలు, డైనింగ్ హాలు, ఆడిటోరియం ఆయనవే. సెలవు రోజున మమ్మల్ని తీసుకెళ్లి చూపించేవాళ్లు.

జీవితం సంగతి. ఆయన మలుపులు చాలావరకు తోసుకొచ్చి పడినవే. 1908లో పుట్టాడు. బెర్లిన్‌లో హాన్స్ పోల్జిగ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర చదివాడు. 1933లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే షింకెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది హిట్లర్ గద్దెనెక్కాడు. యూదుడు కాబట్టి ఆ దేశంలో చోటు లేకుండా పోయింది. ఈజిప్టు వెళ్లి పురాతన కట్టడాల పరిశోధనలో కొన్నేళ్లు గడిపాడు. ఆయన మేనమామ మాక్స్ బోర్న్, 1954లో ఫిజిక్స్ నోబెల్ వచ్చినాయన. సి.వి. రామన్ పిలిస్తే బోర్న్ 1935–36లో కొన్ని నెలలు బెంగళూరులో ఉన్నాడు. ఆ పరిచయాలతోనే మేనల్లుడికి మైసూరు సంస్థానంలో కొలువు దొరికింది. 1939లో వచ్చాడు, 1948 దాకా సంస్థానానికి చీఫ్ ఆర్కిటెక్ట్.

ఆ తొమ్మిదేళ్లు నువ్వు తొందరగా దాటేయొద్దు. అందరూ భువనేశ్వర్ దగ్గర మొదలుపెడతారు గానీ, మనిషి తయారైంది మైసూరు పీడబ్ల్యూడీలో. దివాన్ మీర్జా ఇస్మాయిల్‌కు ఊరంటే అందం. తోటలు, దీపాలు, భవనం నెత్తిన ఏదో ఒక అలంకారం ఉండాలి. బెర్లిన్‌లో కొత్తగాలి పీల్చి వచ్చిన ఈయనకు ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, మేస్త్రికి ఏ పని చేతనవును అన్నదే లెక్క. ఇద్దరికీ పడేది కాదు, అయినా పని ఆగలేదు. పైగా యుద్ధకాలం. సిమెంటు, ఇనుము కావాలన్నా దొరకని రోజులు. దొరికిన రాయి, ఇటుకతో ఏది నిలబడుతుందో చూసుకోవాల్సిందే. ట్రాపికల్ ఆర్కిటెక్చర్ (వేడి దేశాల ఎండకు, గాలికి తగ్గట్టు కట్టడం) అని తర్వాత లండన్‌లో పాఠం చెప్పాడే, దాని అసలు క్లాస్‌రూమ్ ఇదీ అని నా అభిప్రాయం.

ఆ కొలువులో ఉండగానే టాటాల కోసం జంషెడ్‌పూర్ ప్లాన్, 1940ల మధ్యలో. ఆ ఊరికి అంతకుముందే కెనడీ, టెంపుల్, స్టోక్స్ అనే ముగ్గురు వరుసగా ప్లాన్లు గీసి వెళ్లారు. ఈయన నాలుగోవాడు. ఒక ఊరికి పాతికేళ్లలో మూడు ప్లాన్లు ఎందుకు పాతబడ్డాయన్న ప్రశ్న ఆయనకు అక్కడే తగిలి ఉంటుంది.

ఇక భువనేశ్వర్. కటక్ రెండు నదుల మధ్య ఇరుక్కుపోయింది, కొత్త రాజధాని కావాలి. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కోనిగ్స్‌బర్గర్ ఊరిని పొడవాటి నడుములా ఒక పెద్ద రోడ్డు మీద కూర్చోబెట్టి, దాని పక్కన యూనిట్లు పెట్టాడు. ఒక్కో యూనిట్‌లో బడి, అంగళ్లు, ఆసుపత్రి నడిచిపోయే దూరంలో. రోడ్లు ఏడు రకాలు: కాలిబాట, సైకిల్ దారి, పార్కు దారి, ఇళ్ల మధ్య చిన్న వీధి, పెద్ద వీధి, మెయిన్ రోడ్డు, అన్నిటికీ పైన ఆ నడుము రోడ్డు. ఇప్పటికీ అక్కడివాళ్లు యూనిట్-1 మార్కెట్, యూనిట్-4, యూనిట్-9 అనే చిరునామా చెప్తారు. సెక్రటేరియట్ లాంటి భవనాలు గీసింది మాత్రం జూలియస్ వాజ్. ఈ ఇద్దరినీ కలిపేసి చెప్పొద్దు, ఎవరైనా పట్టుకుంటారు.

ఆ ప్లాన్ 40 వేల మందికి వేసింది. 2011 జనాభా లెక్కల్లో ఊరు 8 లక్షలు దాటింది.

పోలిక విషయానికి వస్తే, "రెండూ గుడి ఊళ్లు" దగ్గర ఆపేస్తే నీ మేడమ్ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. భువనేశ్వర్ కొత్త ఊరు లెక్కగట్టింది గుమాస్తాని, ఆయన భార్యని, బడికి పోయే పిల్లల్ని. లింగరాజు గుడి, బిందుసాగరం కోనేరు ఉన్న పాత ఊరు పక్కన ఒక మూల ఉండిపోయింది. మన తిరుపతి అలా కాదు. ఇక్కడ వీధిలో నడిచేవాళ్లలో చాలామంది ఈ ఊరివాళ్లు కారు. పొద్దున రైలు దిగుతారు, గుండు కొట్టించుకుంటారు, రేపో ఎల్లుండో వెళ్లిపోతారు. జనాభా లెక్కల్లో ఉండరు, ఓటరు జాబితాలో ఉండరు, కాలువలోకి పోయే నీళ్లలో మాత్రం ఉంటారు. ఇంటి నుంచి బడికి ఎంత దూరం అని కొలిచే యూనిట్‌లో వాళ్లను ఎక్కడ పెడతావు? రైల్వే స్టేషన్ నుంచి అలిపిరి దాకా ఉన్న దారే వాళ్ల యూనిట్. దాన్ని ఎవరూ ఒక ముక్కగా గీయలేదు. స్టేషన్ ముందు ఒకరు, గరుడ వారధి ఫ్లైఓవర్ (మొన్నటి శ్రీనివాస సేతు) కింద ఒకరు, కపిలతీర్థం రోడ్డు ఒకరు, అలిపిరి ఒకరు, ఇలా ముక్కలుగానే గీశారు.

కాబట్టి ఆయన భువనేశ్వర్ బొమ్మను తెచ్చి మన మీద పరచొద్దు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న తెచ్చుకో: ఇక్కడ నడిచేది ఎవరు, ఎంత దూరం, ఏ ఎండలో?

కొర్లగుంట అమ్మాయి:

సార్, చాలా థ్యాంక్స్. యాత్రికుల దారినే యూనిట్‌గా తీసుకోవాలన్నది నాకు తట్టనే లేదు. ఇంకో సందేహం. ఆయనదీ, ఇంకొందరిదీ కలిపి 1970ల్లో వచ్చిన ట్రాపికల్ హౌసింగ్ మాన్యువల్ మాకు సిలబస్‌లో ఉంది. సూర్యుడి కోణాలు, సజ్జల లెక్కలు అన్నీ అందులోవే. బెంగళూరులో నేర్చుకున్న లెక్క తిరుపతి ఎండకు పనికొస్తుందా? అక్కడి చలువ వేరు కదా.

చిత్తూరు సైట్ ఇంజనీర్:

దీనికి నేను చెప్తా. బెంగళూరు అక్షాంశం 13 డిగ్రీలు, తిరుపతి 13.6. సూర్యుడు రెండు ఊళ్ల మీదా దాదాపు ఒకే దారిలో పోతాడు. తేడా ఎత్తులో. వాళ్లు 900 మీటర్ల పైన ఉన్నారు, తిరుపతి 160 దగ్గర, వెనక శేషాచలం గోడ. అంటే నీడ లెక్క అదే, చెమట లెక్క వేరు.

మనవాళ్లు ఎక్కువమంది గమనించనిది ఒకటుంది. ఏప్రిల్ ఆఖరు వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. "ఉత్తరం కిటికీకి సజ్జ ఎందుకు, డబ్బు దండగ" అనే ఓనర్లకు ఇది చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఇంకా దారుణం పడమర. మే నెల మధ్యలో సాయంత్రం నాలుగు గంటలకు ఇక్కడ సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేరుగా పడమట ఉంటాడు. మామూలుగా మనం పోసే ఒకటిన్నర అడుగు సజ్జ అప్పుడు కిటికీ మీద ఒక అడుగు మేరకే నీడ ఇస్తుంది. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండలోనే. ఐదు గంటలకు ఆ నీడ అర అడుగుకు వచ్చేస్తుంది. సజ్జ ఎంత పొడిగించినా లాభం లేదు, సెంట్రింగ్ ఖర్చు తప్ప. పడమటి వైపు మెట్లు, బాత్రూములు పెట్టు, లేకపోతే జాలీ గోడ కట్టు, లేకపోతే వేపచెట్టు నాటు. పాత ఊళ్లో మిద్దె ఇళ్లకు వీధి వైపు తిన్నె, లోతైన పంచ ఎందుకున్నాయో ఈ లెక్క వేస్తే తెలుస్తుంది. ఇప్పుడు పడమటి ముఖం మొత్తం అద్దాలు పెట్టి, ఆ అద్దాలకు లోపల అట్టముక్కలు అంటించుకున్న అంగళ్లు ఊరంతా చూస్తున్నాం.

వాస్తు సిద్ధాంతి ఒప్పుకుంటాడా అన్నది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం, ఇక్కడ మొదలుపెడితే తెగదు.

రేణిగుంట రోడ్డు:

ట్రేసర్ సార్, మా మెట్ల సంగతి మర్చిపోయారు.

పాత ట్రేసర్:

మర్చిపోలేదు. ఇంజనీర్ గారు చెప్పిన లెక్క బాగుంది, అమ్మాయి దాన్ని అలాగే వాడుకోవచ్చు.

కోనిగ్స్‌బర్గర్ 1948లో ఢిల్లీ వెళ్లి కేంద్రంలో హౌసింగ్ డైరెక్టర్ అయ్యాడు. దేశ విభజన శరణార్థులకు లక్షల ఇళ్లు కావాలి. ఫ్యాక్టరీలో గోడ పలకలు పోసి, తెచ్చి నిలబెట్టేస్తే తొందరగా అయిపోతుందని ప్రభుత్వం ప్రీఫ్యాబ్ ఫ్యాక్టరీ పెట్టింది. పలకలు పగిలాయి, పథకం కూలింది, పార్లమెంట్‌లో గొడవైంది. 1951లో ఆయన లండన్ వెళ్లిపోయాడు. ఈ ముక్కను సెమినార్‌లో దాచొద్దు అమ్మాయ్. మన మేస్త్రి చేతిలో ఇటుక, తాపీ ఉన్న దేశంలో ఫ్యాక్టరీ గోడ ఎందుకు ఓడిపోయిందో చెప్పగలిగితే, మిగతా సెమినార్ సగం చెప్పినట్టే.

లండన్‌లో ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌లో ట్రాపికల్ విభాగం నడిపాడు. ఆసియా, ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆయన దగ్గర చదివి వెళ్లారు. 1963లో ఐక్యరాజ్యసమితి తరఫున ఛార్లెస్ ఏబ్రమ్స్, సుసుము కోబే అనే ఇద్దరు నిపుణులతో కలిసి సింగపూర్ వెళ్లాడు. 1964లో యాక్షన్ ప్లానింగ్ అని రాశాడు. సారాంశం ఇది: మాస్టర్ ప్లాన్ కోసం సర్వే చేసి, మ్యాపు గీసి, ఆమోదం తెచ్చుకునేలోపు ఊరు ఎక్కడికో వెళ్లిపోతుంది. ముందు మండుతున్న పని పట్టుకోండి, చేయండి, ఏమైందో చూడండి, దాన్నిబట్టి తర్వాతది చేయండి. భువనేశ్వర్‌కు అంత చక్కటి బొమ్మ గీసిన చేయే ఇది రాసింది.

మీ ఎదురింటాయన మెట్లకు ఇక్కడే జవాబు ఉంది సార్. ఇరవై ఏళ్లకు సరిపడా గీసి బీరువాలో పెట్టిన ప్లాన్‌కు మొదటి మెట్టు కనబడదు, పదో మెట్టు కట్టాక కోర్టు కాగితంలో కనబడుతుంది. ఏటా వీధి వెంట టేపు పట్టుకుని తిరిగే మనిషి ఉంటే మొదటి మెట్టప్పుడే ఆగేది. అలాంటి మనిషికి జీతం ఎవరిస్తారని అడక్కండి, కోనిగ్స్‌బర్గర్ కూడా దానికి సరైన జవాబు చెప్పలేదని నాకనిపిస్తుంది. మన మున్సిపాలిటీల్లో యాక్షన్ అంటే జేసీబీ అని అర్థమైపోయింది, ఆయన ఉద్దేశం అది కాదు.

అమ్మాయ్, షీట్ల గురించి ఒక మాట. భువనేశ్వర్ ప్లాన్ ఒక షీటు చాలు. రెండోది స్టేషన్ నుంచి అలిపిరి దాకా ఒకే పొడవాటి స్ట్రిప్, ఒక్క స్కేలు మీద. అందులో మే నెల మూడు గంటల నీడ, తాగునీటి కొళాయిలు, మరుగుదొడ్లు, రోడ్డు దాటే చోట్లు, చెప్పులు లేని కాలు పడే తారు, అన్నీ గుర్తించు. కొండ పైకి మెట్ల దారిలో చాలావరకు పైకప్పు నీడ ఉంది, కింద ఊళ్లో నడిచే దారికి లేదు. ఆ తేడా బొమ్మలో దానంతట అదే కనబడుతుంది.

కొర్లగుంట అమ్మాయి:

సార్, ఆ స్ట్రిప్‌కు 1:1000 సరిపోతుందా? ఐదు మీటర్ల షీటు అవుతుంది, మా ప్లాటర్‌లో రోలు మీద తీయొచ్చు గానీ గోడకు పట్టదు.

పాత ట్రేసర్:

1:2000 పెట్టు, రెండున్నర మీటర్లు వస్తుంది. లీలామహల్ సర్కిల్, స్టేషన్ ముందు, అలిపిరి, ఈ మూడు చోట్లు మాత్రం పక్కనే 1:500లో పెద్దవి చేసి చూపించు. కొళాయిలు గుర్తు పెట్టేటప్పుడు నీళ్లొచ్చేవి, రానివి రెండు రంగుల్లో వెయ్యి.