చికెన్ రైస్: హార్మోన్ల కోసం ముడిబియ్యానికి మారాల్సిందేనా?

తూనిక: రక్తంలో చక్కెరను అదుపుచేసే హార్మోన్ ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఒకే గిన్నెలో చికెన్, అన్నం వండాలి. తెల్లబియ్యం పూర్తిగా మానాలా?

మూకుడు: మానాలి. ముడిబియ్యంలో తవుడు పొర ఉంటుంది, పీచూ మెగ్నీషియం దక్కుతాయి. ఇందులో వాదనేముంది?

సన్నసెగ: ఉందండి. అమైలోజ్ అనే నెమ్మదిగా అరిగే పిండిపదార్థం ఎక్కువున్న పొడుగు గింజ తెల్లబియ్యం కూడా నెమ్మదిగానే అరుగుతుంది. అసలు తేడా కొలతలో ఉంది. ఒకరికి 50 గ్రాముల బియ్యం, 150 గ్రాముల ఎముకలేని తొడ మాంసం, 200 గ్రాముల బీన్స్, క్యాబేజీ. పళ్లెంలో ముందు కూరగాయలు, మాంసం తిని అన్నం చివర్లో తింటే గ్లూకోజ్ అంతగా ఎగబాకదు.

పైగా ఒకే గిన్నె అన్నారు. ముడిబియ్యం ఉడకడానికి 40 నిమిషాలు పడుతుంది, ఈలోగా రొమ్ము మాంసం ఎండి పీచుపీచవుతుంది. తొడ మాంసమైతే తట్టుకుంటుంది. తడి లేకుండా తుడిచి, ఉప్పు, మిరియాలు పట్టించి, చెంచా నూనెలో రెండు వైపులా నాలుగేసి నిమిషాలు ఎర్రగా కాల్చి తీయండి. అదే నూనెలో ఉల్లి, వెల్లుల్లి, కడిగిన తెల్లబియ్యం వేయించి, కప్పుకు ఒకటిన్నర కప్పుల నీళ్లు పోయండి. మరిగాక కూరగాయలు, మాంసం పైన పరిచి, మూతపెట్టి సన్నసెగపై 15 నిమిషాలు, దించాక 10 నిమిషాలు. మాటిమాటికీ మూత తీస్తే ఆవిరి పోయి పైన పలుకు, అడుగున మాడు! ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.

పళ్లెం: కోళ్లకే హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తుంటే ఈ లెక్కలన్నీ దేనికి?

సన్నసెగ: బ్రాయిలర్ త్వరగా పెరిగేది ఇంజెక్షన్ల వల్ల కాదు, జాతి ఎంపిక వల్ల, మేత వల్ల. పెరుగుదల హార్మోన్ ప్రొటీనే, నోటి ద్వారా వెళ్తే మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుంది.

తూనిక: అన్నం చల్లార్చి తింటే మేలంటారు, నిజమేనా?

మూకుడు: చల్లారితే కొంత పిండిపదార్థం అరగని రకంగా మారుతుంది, లాభం కొద్దిదే. కానీ గది వేడిలో వదిలేయకండి. బేసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అది విడిచిన విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పు పళ్లెంలో పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక తొడ మాంసం సంగతి ఒప్పుకుంటా. బియ్యం మాత్రం నాకు ముడిదే. అరగంట నానబెట్టి, కప్పుకు రెండు కప్పుల నీళ్లతో 25 నిమిషాలు ఉడికాకే మాంసం వేస్తే, రెండూ ఒకేసారి దిగుతాయి.